నేను కట్టని చక్రాలు

నా సైకిల్ చూసి ఎవరైనా ఆగి అడిగితే నేను ఒకే మాట చెప్పేవాణ్ణి. "నేనే కట్టుకున్నానండీ." ఆ మాట అనేటప్పుడు గొంతులో కాస్త వినయం కూడా కలిపేవాణ్ణి. నిజానికి ఆ సైకిల్‌కి నేను చేసిన సేవ తుప్పు గీకడం, రంగు వేయడం, వెనక క్యారియర్‌కి నాలుగు బోల్టులు బిగించడం. మిగిలిందంతా కూర్మన్నపాలెం జంక్షన్ పక్కన టార్పాలిన్ కింద కూర్చునే ఒక ముసలాయన చేశాడు. ఈ మాట కాగితం మీద పెట్టడానికి నాకు రెండేళ్లు పట్టింది.

మాది గాజువాక. ఉద్యోగం పరవాడలో, మందుల కంపెనీ ల్యాబులో. నలభై దాటగానే నాకు షుగర్ వచ్చింది, డాక్టర్ రోజూ నడవమన్నాడు. నడకంటే నాకు చచ్చేంత విసుగు. ఆ రోజుల్లోనే ఫోన్‌లో ఎవరో పాత సైకిల్‌ని బాగు చేయించుకుని, వెనక రెండు సంచులు కట్టుకుని ఊళ్లు తిరుగుతున్న వీడియోలు చూసి పిచ్చెక్కింది. పని రోజుల్లో పరవాడ, సెలవుల్లో భీమిలి, ఎప్పటికైనా అరకు ఘాటీ అని మనసులోనే రూట్లు వేసుకున్నాను. అలాంటి సైకిళ్ల ధరలు షోరూములో చూసి మాత్రం మర్యాదగా బయటికొచ్చేశాను. మా ఆవిడ ఒకటే అంది. "కంపెనీ బస్సు గుమ్మం ముందుకొస్తుంటే ఈ వయసులో సైకిలేంటండీ? మనకేదో అయిపోయిందనుకుంటారు జనం."

జనం ఏమనుకుంటారో అన్న ఆ జబ్బు నాకే ఎక్కువని అప్పటికి మా ఇద్దరికీ తెలియదు.

ఆటోనగర్‌లో పాత ఇనుప సామాన్ల కొట్లో ఒక డబుల్ బార్ ఫ్రేము దొరికింది. అక్కడే ఎవరో పడేసిన గేర్ల సైకిల్ తాలూకు ముక్కలు కూడా దొరికాయి: ఏడు పళ్లచక్రాల గుత్తి, హబ్బులు, బ్రేకులు. అన్నీ గోనెసంచిలో వేసుకుని స్కూటర్ మీద తిన్నగా కూర్మన్నపాలెం వెళ్లి, రోజూ బస్సులోంచి కనిపించే ఆ ముసలాయన దగ్గర ఆగాను. నీళ్ల తొట్టె, గాలి పంపు, రేకు డబ్బా నిండా రెంచీలు. అదే ఆయన దుకాణం. ఒకప్పుడు స్టీల్‌ప్లాంట్ షిఫ్టు మారే వేళకి ఆ జంక్షన్ అంతా సైకిళ్లే ఉండేవట. ఆయన చుట్టూ మనుషులు వరస కట్టేవారట. ఇప్పుడు మోటార్‌ సైకిళ్లకి పంక్చర్లు వేసుకుంటున్నాడు.

"ఏటి బాబూ, గోనెలో ఏటట్టుకొచ్చేరు?" అన్నాడు.

చూపించాను. ఫ్రేముని రెంచీతో టంగుమని కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఇది పాత సరుకండి. ఒంగుద్ది గాని ఇరగదు. సేద్దాం" అన్నాడు.

అలా మొదలైంది. రెండు నెలలు, ప్రతి ఆదివారం. గేర్ల చక్రం వెడల్పు ఎక్కువ, పాత ఫ్రేము వెనక కాళ్ల మధ్య పట్టదు. ఆయన ఆ రెండు కాళ్ల మధ్య సరుగుడు కర్ర పెట్టి, కొద్ది కొద్దిగా తోస్తూ, మధ్యమధ్యలో ఫ్రేము చుట్టూ దారం లాగి రెండు వైపులా సమానంగా వచ్చిందో లేదో చూసుకుంటూ విడదీశాడు. నేను గూగుల్‌లో చూసి మిల్లీమీటర్లు చెబుతుంటే "ఉండండి, దారం సెప్తాది" అన్నాడు. దారమే సరిగ్గా చెప్పింది.

కానీ ఆయన అసలు పనితనం చక్రాల దగ్గర చూడాలి. ఖాళీ రిమ్ము, మధ్యలో హబ్బు, రెండింటినీ కలిపే ముప్పై ఆరు స్పోకు పుల్లలు. ఒక్కో పుల్లా అల్లుకుంటూ పోయి, సైకిల్‌ని బోర్లా పెట్టి, చక్రం తిప్పి, రిమ్ముకి అతి దగ్గరగా సుద్దముక్క పట్టుకునేవాడు. వంకర ఉన్నచోట సుద్ద గీత పడుతుంది. అక్కడ పావు చుట్టు బిగించడం, మళ్లీ తిప్పడం. గీత పడడం ఆగాక అసలు పని మొదలు. ఒక్కో పుల్లనూ గోటితో మీటి వినేవాడు.

"ఇనబడతందా? ఇది సన్నంగా మోగతంది, అది బొంగురుగా మోగతంది. ఒక పక్కనున్నయ్యన్నీ ఒకలాగే మోగాల. నేకపోతే నువ్వు ఏ అరకు కొండ మీదో ఉండగా ఒకటి తెగుద్ది."

మూడో ఆదివారానికే ఆయన నోట 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. నేను ఆయన్ని 'బాబాయ్' అనడం మొదలుపెట్టాను. అది నాకు గర్వంగా ఉండేది, అబద్ధమెందుకు. ఒక ఆదివారం నన్నూ ఒక చక్రం కట్టమన్నాడు. సాయంత్రం దాకా కూర్చుని కట్టాను. తిప్పితే కోడిగుడ్డు తిరిగినట్టు తిరిగింది. ఆయన పగలబడి నవ్వి, "పర్నేదులే, నాను నేర్సుకునేటప్పుడు పదో పదకొండో పాడు సేసినాను" అన్నాడు. నేను టీ తాగి వచ్చేసరికి పుల్లలన్నీ విప్పేసి, మొదటి నుంచి తనే కట్టడం మొదలుపెట్టాడు. మళ్లీ కట్టమని ఆయన అనలేదు, కడతానని నేనూ అనలేదు.

సైకిల్ పూర్తయిన రోజు దాన్ని తొక్కుకుంటూ ప్లాంటు గేటు దాకా వెళ్లొచ్చాను. ఈల వేసుకుంటూ వచ్చాను. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "ఒక మాట అడగాల, ఏటనుకోవు గదా?" అన్నాడు.

"చెప్పు బాబాయ్."

"మా అల్లుడు నాకు అచ్యుతాపురం కంపినీలో వాచ్‌మేన్ పని సూసినాడు. గేటు కాడ కుర్సీలో కూకోడమే. నాకిట్టం నేదు. నాకొచ్చింది ఇది. నువ్వు ఆ బీచ్ రోడ్డు మీద గుంపుగా తొక్కే సైకిల్ బాబుల్లో కలుత్తానన్నావు గదా? ఆళ్లకి నా మాట ఒకటి సెప్పు. ఇలాటోడొకడున్నాడు, సక్రాలు కడతాడు అని. నెలకి నాలుగు సక్రాలొచ్చినా సాలు, నానిక్కడే ఉండిపోతాను. ఎండలు ముదిరేలోగా అల్లుడికేదో ఒకటి సెప్పాల."

"అదేం పెద్ద పని బాబాయ్, చెప్తాను" అన్నాను. నిజంగా చెప్పాలనే అన్నాను. అక్కడికి నేను దొంగను కాను.

మరుసటి ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డుకి వెళ్లాను. హెల్మెట్లు, నల్లద్దాలు, ఒంటికి అంటుకుపోయే రంగురంగుల చొక్కాలు. ఒక్కొక్కరి సైకిల్ నా స్కూటర్ కంటే ఖరీదు. నా డబుల్ బార్‌ని చూసి ఒకతను, "పాల సైకిల్లా ఉంది గురూ, క్యాన్లేవి?" అన్నాడు. అందరూ నవ్వారు. చెడ్డగా నవ్వలేదు, సరదాకే. నేనూ నవ్వాను. చెవులు మాత్రం కాలిపోయాయి.

ఆ గుంపుకి పెద్ద ఒక ఎముకల డాక్టరు. ఆయన వంగి నా వెనక చక్రం గాల్లోకి లేపి తిప్పాడు. అది తిన్నగా, చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. "ఇంత పాత బండికి ఇంత నీటైన చక్రమా? ఎవరు కట్టారు బ్రదర్?"

'కూర్మన్నపాలెంలో మా బాబాయ్ ఒకాయన ఉన్నాడండీ.' ఆ మాట నాలిక మీదే ఉంది. కానీ పాల క్యాన్ల జోకు ఇంకా మంట పుట్టిస్తోంది. పంక్చర్లు వేసేవాడు కట్టాడంటే అది పాల సైకిలే. నేను కట్టానంటే దాని లెక్కే మారిపోతుంది.

"నేనే" అన్నాను.

ఎంత చిన్న మాట! చప్పట్లు కొట్టారు. క్యాన్ల గురించి అడిగినవాడే నా పక్కన నిలబడి ఫోటో దిగాడు. ఆ సాయంత్రానికి వాళ్ల వాట్సాప్ గ్రూపులో నా పేరు 'వీల్ గురువు' అయిపోయింది. పదిసార్లు తెరిచి చదువుకున్నాను. మా ఆవిడకి కూడా చూపించాను. "రంగు వేశారని తెలుసుగానీ, చక్రాలు కూడా మీరే కట్టారా?" అంది. "సాయం పట్టాను కదా" అని గొణిగాను.

అక్కడితో ఆగినా బాగుండేది. వారం తిరక్కుండానే డాక్టరు తన వెనక చక్రం పంపించాడు, పుల్లలు తెగాయి, కాస్త చూడమని. సిటీలో ఎవరూ చేయట్లేదట, బెంగళూరు పంపాలంటున్నారట. కాదనడానికి నోరు రాలేదు. చక్రాన్ని అదే గోనెసంచిలో పెట్టుకుని తిన్నగా బాబాయ్ దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"సెప్పేవన్నమాట నా గురించి!"

"చెప్పాను బాబాయ్."

"ఏటన్నారు?"

"చాలా సంతోషించారు. వస్తామన్నారు."

ఇంత సులువుగా ఎలా అనగలిగానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. పనికి డబ్బులు నా జేబులోంచే ఇచ్చాను, అదేదో న్యాయం చేసినట్టు. అలా ఐదు చక్రాలు వెళ్లాయి, ఐదూ సుబ్బరంగా తిరిగొచ్చాయి. పొగడ్తలు మాత్రం నా దగ్గరే ఆగిపోయాయి. "ఆళ్లు రాకుండా అన్నీ నీ సేతే పంపుతన్నారేటి?" అని ఆయన ఒకసారి అడిగాడు. "బిజీ మనుషులు బాబాయ్" అన్నాను.

ఎండలు మొదలయ్యే రోజుల్లో ఒకసారి వెళ్తే టార్పాలిన్ ముందు కొత్త రేకు బోర్డు వేలాడుతోంది. పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలు. 'ఇచ్చట గేర్ల సైకిళ్ల చక్రములు కట్టబడును.' ఆయన నా వెనక నిలబడి, "అచ్చరాలు బాగున్నాయేటి?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే, "మా అల్లుడికి రానని సెప్పీసినాను. ఆడికి కోపమొచ్చింది. రానీ" అని నవ్వాడు.

నా మాట పట్టుకుని, వచ్చిన ఉద్యోగం వదిలేశాడు. అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. కనీసం ఆ రాత్రి గ్రూపులో ఆ బోర్డు ఫోటో పెట్టినా సరిపోయేది. "బాగుంది బాబాయ్" అని సైకిలెక్కి వచ్చేశాను.

ఆ తర్వాత వారమే మా గుంపు పక్షుల చెరువు కొండకర్ల ఆవ దాకా వెళ్దామంది. అంటే కూర్మన్నపాలెం మీదుగా. భీమిలి బాగుంటుంది, గాలి ఎదురుండదు, లారీలుండవు అని నేను ఎన్ని చెప్పినా ఎవరూ వినలేదు. సరే, జంక్షన్ దగ్గర వేగంగా తొక్కితే వెనకవాళ్లు కూడా ఆగకుండా వచ్చేస్తారులే అనుకున్నాను. ముందు నేనే ఉన్నాను. తల వంచుకుని తొక్కేశాను కూడా.

వెనక డాక్టరు గొంతు వినిపించింది. "ఆగండాగండి! గురూ, వెనక్కి రా, నీకు కాంపిటీషన్ వచ్చింది." బోర్డు చదువుతున్నాడు. అందరూ ఆగిపోయారు. ఎలాగూ ఆగాం కదా, చక్రాల్లో గాలి కూడా చూపిద్దామన్నాడు ఇంకొకతను. నేను సైకిల్ తిప్పుకుని వచ్చాను.

బాబాయ్ బనీనుతో కూర్చుని ఉన్నవాడు లేచి నిలబడ్డాడు. ఏడెనిమిది సైకిళ్లు, అన్నీ గేర్లవే, తన బోర్డు కింద. పక్క టీ బండి వైపు తిరిగి ఏదో అరిచి చెప్పాడు. మేకుకి తగిలించిన చొక్కా తీసి తొడుక్కుని మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు. స్టూలు తుడిచాడు. అప్పుడు నన్ను చూసి, పళ్లన్నీ కనిపించేలా నవ్వి, నేను వాళ్లకి తనని చూపిస్తానని ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

"ఏమయ్యా, గాలి కొడతావా?" అన్నాను.

నా నోట వచ్చింది అదే. ఇన్నాళ్లూ ఎవరినైతే బాబాయ్ అన్నానో ఆయన్ని 'ఏమయ్యా' అన్నాను. ఆయన నవ్వు వెంటనే పోలేదు, కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా నోరు మూసుకున్నాడు.

"కొడతానండి" అన్నాడు.

పంపు అందుకుని వరసగా గాలి కొట్టుకుంటూ వచ్చాడు. డాక్టరు సైకిల్ దగ్గర ఆగాడు. వెనక చక్రం చూశాడు. తన పని తనకి తెలియకుండా ఉంటుందా? అలవాటు కొద్దీ గోటితో పుల్లలు మీటాడు. డాక్టరు కంగారు పడిపోయాడు. "అలా లాగకయ్యా, పాడైపోతుంది. అది మావాడు స్పెషల్‌గా కట్టింది" అని నా వైపు చూపించాడు.

బాబాయ్ నా వైపు తిరిగాడు. "తమరు కట్టేరా సార్?"

అందరూ నన్నే చూస్తున్నారు. తల ఊపాను.

"బాగా కట్టేరు" అన్నాడు ఆయన. ఎగతాళి లేదు అందులో. ఉండి ఉంటే నేను కొంచెం బతికిపోయేవాణ్ణి. నా గుట్టు కాపాడాడు ఆయన, అంతమంది ముందు, నేను అడగకుండానే. తర్వాతి సైకిల్ దగ్గరికి వెళ్లి గాలి కొట్టడంలో పడిపోయాడు.

కొండకర్ల ఆవ దగ్గర అందరూ పక్షుల్ని చూశారు. నేను గట్టు మీద కూర్చుని ఇడ్లీ పొట్లం విప్పి అలాగే చేతిలో పట్టుకున్నాను. ఏదో తప్పు చేశానన్న బాధ వేరు, ఈ సిగ్గు వేరు. నన్ను నేను చూసి అసహ్యించుకోవడం అదే మొదటిసారి. ఒంట్లో బాగోలేదని చెప్పి, తిరుగు ప్రయాణంలో సైకిల్ ఆటోలో వేసుకుని ఇంటికి వచ్చేశాను.

మూడు వారాలు కంపెనీ బస్సులో తిరిగాను. కూర్మన్నపాలెం వచ్చేసరికి ఫోన్ తీసి అందులో మొహం పెట్టేసేవాణ్ణి. "సైకిల్ మోజు తీరిపోయిందా?" అని మా ఆవిడ దెప్పింది. ఆ రోజు ఆమెకి మొత్తం చెప్పేశాను. ఆమె తిట్టలేదు. "రేపే వెళ్లి ఆయన కాళ్లు పట్టుకోండి" అంది, అంతే.

వెళ్లేసరికి టార్పాలిన్ లేదు. తొట్టె ఉన్నచోట నేల మీద నల్లటి మరక మిగిలింది. పక్కన టీ బండి ఆవిడ నన్ను గుర్తుపట్టింది.

"ఎల్లిపోనాడు బాబూ. అచ్యుతాపురంలో వాచ్‌మేన్ పన్లో సేరిపోనాడు. అల్లుణ్ణి బతిమాలుకున్నాడు పాపం."

పసుపు బోర్డు ఆమె పొయ్యికి గాలి తగలకుండా అడ్డం పెట్టి ఉంది. అక్షరాల వైపు మసి పట్టింది.

"ఆ రోజు మీరంతా ఆగీసరికి, 'మావోడు బాబుల్నట్టుకొచ్చినాడు, టీలెట్టు' అని నాకు కేకేసినాడు. పది టీలెట్టినాను. ఎవులూ తాగనేదు" అంది. ఆమె కోపంగా ఏం అనలేదు. గిన్నె కడుక్కుంటూ మామూలుగానే చెప్పింది.

ఆ సాయంత్రం గ్రూపులో రాశాను. ఏదీ దాచలేదు. ఏ చక్రమూ నేను కట్టలేదని, కట్టినాయన్ని మీ అందరి ముందూ ఎరగనట్టు మాట్లాడానని, నన్ను నమ్మి ఆయన బోర్డు రాయించుకున్నాడని రాశాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండునని కూడా ఉంది. నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. "పర్లేదు గురూ, మనమంతా అంతే" అన్నాడు ఒకతను. "ఇందులో ఇంత ఫీలవడానికి ఏముంది? అతని పేరు, నంబరు పంపు. నా ముందు చక్రం రెడీగా ఉంది" అని డాక్టరు రాశాడు. ఇంకో ముగ్గురు, "మాకూ" అన్నారు. నెలకి నాలుగు చాలన్నాడు ఆయన. ఒక్క పూటలో నాలుగూ వచ్చేశాయి.

నంబరు పంపడానికి ఫోన్ తెరిచాను. మొదటి ఆదివారం నేనే ఎక్కించుకున్నాను ఆ నంబరు. 'పంక్చర్ కూర్మన్నపాలెం' అని ఉంది. అలా పంపడానికి చెయ్యి రాలేదు. అది చెరిపి పేరు రాద్దామనుకున్నాను. బాబాయ్ అనే తప్ప నాకు ఇంకేమీ తెలియదు. ఆయనకి నా పేరు తెలుసు, మా ఆవిడ పేరు తెలుసు, నా షుగర్ ఎంతుందో కూడా తెలుసు.

ఫోన్ చేశాను. అవతల లారీ ఇంజన్ల రొద.

"బాబాయ్, నేను."

"సెప్పండి సార్."

తప్పయిపోయిందన్నాను. అందరికీ నిజం చెప్పేశానని, నాలుగు చక్రాలు ఆయన కోసం ఎదురుచూస్తున్నాయని, వాళ్లే స్వయంగా వస్తారని గబగబా చెప్పాను. ఆయన అంతా విన్నాడు.

"రెంచీలవీ అమ్మీసినాను సార్" అన్నాడు.

"కొత్తవి నేను కొంటాను. నువ్వు ఊఁ అను. వాళ్లకి పంపాలి, నీ పేరు చెప్పు బాబాయ్."

అవతల హారన్ మోగింది.

"లారీ వచ్చినాది సార్. గేటు తియ్యాల" అన్నాడు.

ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఆ నంబరు నా ఫోన్‌లో ఇంకా అదే పేరుతో ఉంది. మార్చి రాయడానికి నా దగ్గర వేరే పేరు లేదు.